ఉలుకూ పలుకూ లేని డిస్పోజర్: ఒక లోపం వెనక దాగిన మరో లోపం

నేపథ్యం

హైదరాబాద్ పడమటి వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో వంటగది చేయించుకునేటప్పుడు చిమ్నీ, ఆర్వో ఫిల్టర్‌లతో పాటు సింకు కింద గార్బేజ్ డిస్పోజర్ (వంటింటి తడి చెత్తను నలిపి నీళ్లతో పాటు పైపులోకి పంపే యంత్రం) కూడా పెట్టించుకునే కుటుంబాలు ఇప్పుడు అక్కడక్కడా తగులుతున్నాయి. దాన్ని బిగించేది ఇంటీరియర్ కాంట్రాక్టరు, చెడిపోతే చూడాల్సి వచ్చేది అపార్ట్‌మెంటు ఎలక్ట్రీషియన్. మిక్సీ, గీజరు, మోటారు పంపు కళ్లు మూసుకుని విప్పగలిగినవారు కూడా దీని లోపల ఏముంటుందో చూసి ఉండరు. 1927లో అమెరికాలోని రసీన్ పట్టణంలో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు రూపొందించిన నాటి నుంచి దీని మూలసూత్రం పెద్దగా మారలేదు. చాలామంది అనుకున్నట్టు ఇందులో కత్తులు, బ్లేడ్లు ఉండవు. మోటారు మీద ఒక గుండ్రటి పళ్లెం, దాని మీద వదులుగా ఊగే రెండు ఉక్కు దిమ్మలు, చుట్టూ కదలకుండా ఉండే పళ్ల రింగు, అంతే. పళ్లెం వేగంగా తిరిగినప్పుడు పడేసిన పదార్థం అంచుకు విసిరినట్టు వెళ్లి, దిమ్మల దెబ్బకు రింగు పళ్ల మీద అరిగి, నలిగి, నీళ్లతో పాటు కిందికి జారిపోతుంది. పళ్లెం అంచుకూ రింగుకూ మధ్య సందు చాలా తక్కువ. ఈ కేసంతా ఆ సందు దగ్గరే మొదలైంది, కానీ అక్కడికి చేరడానికి చాలా చుట్టు తిరగాల్సి వచ్చింది.

ఇల్లు ఒక రిటైర్డ్ దంపతులది. గుర్తుపట్టే వివరాలు వదిలేస్తున్నాను. కొడుకు అమెరికాలో ఉంటాడు. వీళ్లు అక్కడ దాదాపు ఐదు నెలలు ఉండి వచ్చారు, ఆ ఐదు నెలలూ ఇల్లు తాళం వేసి ఉంది. యంత్రం 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సరఫరాకు తయారైనది, అర హార్స్‌పవర్ ఇండక్షన్ మోటారు. దీనికి గోడ మీద స్విచ్చి లేదు, ఎయిర్ స్విచ్ ఉంది. గ్రానైట్ గట్టు మీది బటన్ నొక్కితే ఒక సన్నటి ప్లాస్టిక్ ట్యూబు గుండా గాలి వెళ్లి, సింకు కింద ఉన్న చిన్న పెట్టెలోని స్విచ్చిని తడుతుంది. తడి చేత్తో నొక్కినా బటన్ దగ్గర కరెంటు ఉండదన్నదే దీని సౌలభ్యం. ఒకసారి తడితే ఆన్ అవుతుంది, మరోసారి తడితే ఆఫ్ అవుతుంది. ఇప్పుడు ఏ స్థితిలో ఉందో బటన్‌ను చూసి చెప్పలేం. ఈ చిన్న విషయం తర్వాత చాలా ముఖ్యమవుతుంది.

నా దగ్గరికి వచ్చేసరికి

నన్ను పిలిచింది మరమ్మతుకు కాదు, సలహాకు. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అపార్ట్‌మెంటు ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్‌లో టెస్టర్ పెట్టి చూశాడు, వెలిగింది. అయినా అనుమానంతో 16 ఆంపియర్ల సాకెట్ మార్చాడు. యంత్రం అడుగున ఉండే ఎర్రటి రీసెట్ బటన్ నొక్కాడు. మళ్లీ గట్టు మీది బటన్ నొక్కితే ఏమీ లేదు. ‘మోటారు కాలిపోయింది, కొత్తది వేయించుకోండి’ అని తేల్చాడు. ఆయన్ను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. తనకు కనిపించినదాన్ని బట్టి ఆయన వేసిన అంచనా సహజమైనదే, అందుకే ఈ కేసు రాసి పెట్టుకోదగ్గది.

దంపతులకు నా నుంచి కావలసింది ఒకటే: కొత్తది ఇక్కడే కొనాలా, లేక కొడుకు అక్కడ కొని వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి పంపిస్తానంటున్నాడు, అది తెప్పించుకోవాలా.

ఆ రెండో ప్రశ్నకు జవాబు నేను యంత్రం చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే ఈ నగరంలో ఇది మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న. అక్కడి ఇళ్ల సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ‘స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది కదా’ అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. ఇండక్షన్ మోటారు వేగం ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది కనుక అక్కడ నిమిషానికి దాదాపు 1,725 చుట్లు తిరిగేది ఇక్కడ 1,430 దరిదాపుల్లో తిరుగుతుంది. వేగం తగ్గడం చిన్న ఇబ్బంది. పెద్ద ఇబ్బంది వేడి: అదే 120 వోల్టులను 60కి బదులు 50 హెర్ట్జ్ మీద ఇస్తే ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహం ఐదో వంతు పెరిగి, కోర్ సంతృప్తమై, మోటారు లాగాల్సినదాని కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. పైగా మోటారు కదిలే క్షణంలో లాగే కరెంటు మామూలుగా నడిచేటప్పటికి కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆ ఉరవడికి సరిపడేంత పెద్దదిగా తేవాలి. అంత బరువైన పెట్టెను సింకు కింద చెమ్మలో పెట్టడం నాకు ఏ కోశానా నచ్చని పని. అందుకని ఆ ఆలోచన మానుకోమని ముందే చెప్పి, కొత్తది కొనే ముందు పాతది ఎందుకు ఆగిందో చూద్దామన్నాను.

విన్నది, చూసింది

యంత్రం కంటే ముందు మనుషులను అడగడం నా అలవాటు. దంపతులకు తెలిసింది ‘తిరగడం లేదు’ అన్నంత వరకే. వంటగదిలో పనిచేసే ఆవిడ పక్కనే అంట్లు సర్దుతూ ఉంది. ఆమెను ఎవరూ అడిగినట్టు లేరు. ‘అమ్మా, మొట్టమొదట ఆగినప్పుడు ఎవరు నొక్కారు?’ అన్నాను.

‘నేనే నొక్కిన సార్, వీళ్లు వచ్చిన తెల్లారి. గుర్రుమని మూలిగింది గానీ తిరగలే. జరసేపటికి అదే బంద్ అయింది. మల్ల రెండు మూడు సార్లు ఒత్తిన, ఏం లేదు.’

ఈ ఒక్క మాటతో కేసు మలుపు తిరిగింది. మూలగడం వేరు, మౌనంగా ఉండడం వేరు. మూలిగిందంటే మోటారుకు కరెంటు చేరింది, కానీ ఇరుసు కదల్లేదు. అలా కదలకుండా ఉండిపోతే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) వేడెక్కి, కొద్ది సెకన్లలో లోపలి ఓవర్‌లోడ్ రక్షణ తెగి ఎర్ర బటన్ బయటికి వస్తుంది, అప్పటి నుంచి మౌనం. అంటే మొదటి రోజు ఈ యంత్రం పట్టేసి ఉంది, రక్షణ తన పని తాను చేసింది. మరి ఎలక్ట్రీషియన్ రీసెట్ నొక్కాక మళ్లీ మూలగాలి కదా. మౌనంగా ఎందుకు ఉంది? రీసెట్ కూర్చోలేదా, వైండింగ్ నిజంగానే పోయిందా, లేక కరెంటే చేరడం లేదా? ఈ మూడు అవకాశాలలో ఏది నిజమో తేలే వరకు దేన్నీ మార్చకూడదని నిర్ణయించుకున్నాను.

మొదట ఎయిర్ స్విచ్ పెట్టె నుంచి మోటారు ప్లగ్ పీకేశాను. ఇది మామూలు జాగ్రత్త కోసం మాత్రమే కాదు. ఆవిడ చాలాసార్లు నొక్కింది, ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ నొక్కాడు, దంపతులూ నొక్కారు. ఎయిర్ స్విచ్ ఇప్పుడు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ఎవరికీ తెలియదు. అది ఆన్‌లో ఉండి, నేను యంత్రం గొంతులో పట్టకారు పెట్టి ఉండగా ఎవరైనా అడుగున రీసెట్ నొక్కితే యంత్రం ఆ క్షణమే తిరుగుతుంది. గోడ స్విచ్చి ఉన్న ఇంట్లో కంటే ఎయిర్ స్విచ్ ఉన్న ఇంట్లో ఈ ప్రమాదం ఎక్కువ.

ప్లగ్ చేతిలో ఉంది కాబట్టి ముందు దాని పిన్నుల మధ్యే మల్టీమీటర్ పెట్టాను. ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య కొద్ది ఓములు మాత్రమే చూపింది. ఓవర్‌లోడ్ తెగి ఉంటే, లేదా వైండింగ్ తెగి ఉంటే ఇక్కడ అనంతం చూపాలి. కనుక రీసెట్ సరిగ్గానే కూర్చుంది, వైండింగ్‌లో తెగుడు లేదు. తర్వాత మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) 500 వోల్టుల దగ్గర వైండింగ్‌కూ ఎర్తింగ్‌కూ మధ్య ఇన్సులేషన్ చూశాను. 1 మెగోమ్ కంటే దిగితే నేను యంత్రాన్ని తిరిగి పెట్టను, ఇది దానికి ఎన్నో రెట్లు పైన ఉంది. నీళ్ల పక్కన పనిచేసే యంత్రానికి ఈ పరీక్ష చేయకుండా ‘బాగుంది’ అనకూడదు. కాలిన వాసన కూడా లేదు. దీంతో ‘మోటారు కాలిపోయింది’ అన్న తీర్పు చాలావరకు కొట్టుకుపోయింది. ‘చాలావరకు’ అని ఎందుకంటున్నానంటే, చుట్ల మధ్య షార్ట్ అయితే ఈ రెండు కొలతల్లోనూ బయటపడకపోవచ్చు. అది నడిపి కరెంటు కొలిచినప్పుడే తేలుతుంది.

ఇక సరఫరా సంగతి. టెస్టర్ వెలిగిందన్న మాట మీద నాకు నమ్మకం తక్కువ. నియాన్ టెస్టర్ ఫేజ్ ఉందని మాత్రమే చెబుతుంది, న్యూట్రల్ తెగి ఉన్నా అంతే చక్కగా వెలుగుతుంది. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ మధ్య 228 వోల్టులు, ఫేజ్, ఎర్తింగ్ మధ్య దాదాపు అంతే వచ్చాయి. సాకెట్ దాకా అంతా సవ్యం. అయితే సాకెట్‌కూ మోటారుకూ మధ్య ఎయిర్ స్విచ్ పెట్టె ఉంది, దాన్ని ఎవరూ పరీక్షించలేదు.

తప్పుదారి పట్టించిన ట్యూబు

పెట్టెను దాటేసి మోటారును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుందని ఇంటాయన అన్నారు. అది నిజమే, కానీ నేను ఒప్పుకోలేదు. ఈ ఇరుసు పట్టేసి ఉందని ఆవిడ చెప్పిన మాటను బట్టి నాకు దాదాపు ఖాయం. పట్టేసిన మోటారుకు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ వైండింగ్ మీద వేడి పడుతుంది. తెలుసుకోవాల్సింది పెట్టె పనిచేస్తోందా లేదా అన్నదే అయితే దానికి మోటారు అక్కర్లేదు, ఒక బల్బు చాలు. హోల్డర్‌కు ప్లగ్ తగిలించిన టెస్ట్ ల్యాంప్‌ను మోటారు స్థానంలో పెట్టె సాకెట్‌లో పెట్టి, పెట్టెకు సరఫరా ఇచ్చి, గట్టు మీది బటన్ నొక్కమన్నాను. వెలగలేదు. మళ్లీ నొక్కినా వెలగలేదు.

వంగి టార్చి వేసి చూస్తే ట్యూబు చివర పెట్టె మూతిని వదిలేసి, దాని పక్కనే, తగిలే ఉందనిపించేంత దగ్గరగా వేలాడుతోంది. చూసిన కన్ను మోసపోయేంత దగ్గర. బటన్ నొక్కించి ట్యూబు చివర వేలు పెడితే గాలి తగిలింది. బటన్ బాగుంది, ట్యూబు బాగుంది, ఊడింది మూతి దగ్గర మాత్రమే. ఎండిపోయి గట్టిపడిన ఆ చివరను కొద్దిగా కత్తిరించి, వేడి నీళ్లలో ముంచి మెత్తబడ్డాక మూతికి ఎక్కించాను. ఈసారి బల్బు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది.

ఎప్పుడు ఊడి ఉంటుంది? మొదటి రోజు మూలిగిందంటే అప్పటికి తగిలే ఉంది. సాకెట్ మార్చడానికి పెట్టెను పక్కకు లాగినప్పుడు ఊడి ఉండాలి. అంటే ఎలక్ట్రీషియన్ ఒక లోపాన్ని సరిదిద్దుతూ (రీసెట్ నొక్కడం సరైన పనే) తెలియకుండా మరొకటి చేర్చాడు. రీసెట్ నొక్కినా ఫలితం మారలేదు కాబట్టి రీసెట్ సమస్య కాదు, కాబట్టి మోటారు పోయిందని అనుకున్నాడు. పొరపాటు ఈ ‘కాబట్టి’లోనే ఉంది. వరుసగా ఉన్న సర్క్యూట్‌లో రెండు చోట్ల తెగి ఉంటే, ఒకదాన్ని సరిచేసినా బయటికి ఏ మార్పూ కనిపించదు. మార్పు కనిపించనంత మాత్రాన చేసిన మరమ్మతు తప్పనీ కాదు, ఆ భాగం బాగుందనీ కాదు. బటన్ నొక్కి తిరిగిందా లేదా అని మాత్రమే చూసేవారికి ఇలాంటి కేసు ఎప్పటికీ అంతుపట్టదు. ఒక్కో మజిలీ దగ్గర కొలిచి చూసేవారికి ఇది పెద్ద కేసే కాదు.

మూలుగు తిరిగి వచ్చింది

బల్బు తీసి మోటారు ప్లగ్ పెట్టి బటన్ నొక్కాను. గుర్రుమని మూలిగింది. వెంటనే ఆపేశాను. ఇంటాయన ముఖం వాడిపోయింది. ‘ఇందాక శబ్దమైనా లేదు, ఇప్పుడు ఇలా అయ్యిందేమిటి?’ అన్నారు. నాకు మాత్రం ఆ మూలుగు శుభవార్త. యంత్రం మొదటి రోజు ఉన్న స్థితికి తిరిగి వచ్చింది, ఇక మిగిలింది అసలు కారణమే.

మూలిగి తిరగకపోవడానికి రెండు కారణాలుంటాయి. ఇరుసు అడ్డుపడి ఉండవచ్చు, లేదా మోటారును మొదట కదిపే స్టార్టింగ్ వైండింగ్, దానికి సంబంధించిన స్విచ్చి, కెపాసిటర్ ఉంటే అది పాడై ఉండవచ్చు. తేల్చుకోవడం తేలిక. ప్లగ్ పీకి, అడుగున మధ్యలో ఉండే ఆరు పలకల రంధ్రంలో ఎలెన్ కీ పెట్టి తిప్పాలి. పావు అంగుళం కీ యంత్రంతో పాటే ఇస్తారు, ఈ ఇంట్లో అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇరుసు చేతికి స్వేచ్ఛగా తిరిగి, అయినా మోటారు మూలిగితే స్టార్టింగ్ భాగాన్ని అనుమానించాలి. ఇక్కడ అది ఇసుమంత కూడా కదల్లేదు.

కీ మీద బలమంతా ఒకే వైపు వేయడం నాకిష్టం ఉండదు, ఇరుక్కున్నది అదే వైపు మరింత బిగుస్తుంది. అంతకు ముందు ఇంట్లో ఎవరో పైనుంచి పప్పుగుత్తి కాడ పెట్టి పొడిచారట. దాని వల్ల ఒరిగింది లేదు, ఎందుకంటే కాడ ఆనేది ఊగే దిమ్మలకు, ఊగడం వాటి పనే. కీతో అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తూ పోతే కాసేపటికి కిర్రుమని కదిలింది. పావు చుట్టు తిరిగి మళ్లీ ఠక్కున ఆగింది. ఆ రెండో ఆగుడు తుప్పుది కాదు. తుప్పు మెల్లగా పట్టుకుంటుంది, గట్టి వస్తువు ఒక్కసారిగా ఆపుతుంది.

పైనుంచి టార్చి వేసి చూస్తే పళ్లెం అంచుకూ రింగుకూ మధ్య నున్నగా మెరుస్తూ ఒక చింతగింజ. వెనక్కి తిప్పి పొడవాటి పట్టకారుతో తీశాను. దాని ఒక పక్క మాత్రమే గీసుకుపోయి ఉంది, మిగతాదంతా చెక్కు చెదరలేదు. మామిడి టెంక, నల్లి బొక్క వేయకూడదని అందరికీ తెలుసు. చింతపండు పిప్పి పడేసేటప్పుడు అందులో ఒకటి రెండు గింజలు ఉంటాయన్నది ఎవరికీ తట్టదు. రింగు మొదట్లో గోంగూర కాడల నార కూడా కొంత చుట్టుకుని ఉంది. గోంగూర నార పుట్టే జాతి మొక్క, ముదురు కాడలు దీని లోపల నలగవు, దారాల్లా చుట్టుకుంటాయి.

అప్పుడు అమ్మగారిని అడిగితే మిగతాది బయటపడింది. అమెరికా వెళ్లే ముందు రాత్రి ఫ్రిజ్ ఖాళీ చేస్తూ పులిహోర గుజ్జు, పాత పచ్చళ్లు, కూరలు అన్నీ ఇందులో వేశారు. విమానానికి టైమవుతుందన్న హడావిడిలో కొద్దిసేపు తిప్పి, నీళ్లు కట్టేసి, మెయిన్ ఆఫ్ చేసి వెళ్లిపోయారు. పులుపూ ఉప్పూ కలిసిన తడి లోపలే ఉండిపోయింది. ఎండాకాలమంతా ఇల్లు మూసి ఉంది. బోరు నీళ్ల సున్నపు పొర, తుప్పు, ఎండిన గుజ్జు కలిసి పళ్లేన్ని రింగుకు అతికించేశాయి. ఆ గట్టి నీళ్ల తెల్లటి మరకలు సింకు మీద కూడా కనిపిస్తూనే ఉన్నాయి. గింజ ఒక్కటే ఉంటే బహుశా ఆ రాత్రే తెలిసేది. తుప్పు ఒక్కటే ఉంటే కీతో తేలిగ్గా వదిలేది.

తుప్పు వదలడానికి బాత్రూమ్ యాసిడ్ పోద్దామా అని ఇంటాయన అడిగారు. గట్టిగా వద్దన్నాను. అది తుప్పుతో పాటు లోహాన్నీ తింటుంది, రబ్బరు సీళ్లనూ వదలదు, తర్వాత యంత్రం తిప్పితే ముఖాన చిమ్మే ప్రమాదం ఉంది. నీళ్లు, పాత టూత్‌బ్రష్, ఓపిక సరిపోయాయి. ఊగే దిమ్మల్లో ఒకటి తుప్పు పట్టి కదలకుండా ఉంది, దాన్నీ ఆడించి వదులు చేశాను.

నడిపి చూడడం

కీ పూర్తి చుట్టు స్వేచ్ఛగా తిరిగాక నీళ్ల కుళాయి పూర్తిగా విప్పి, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌ను ఫేజ్ వైరుకు మాత్రమే తగిలించి బటన్ నొక్కాను. మూలగకుండానే తిరిగింది, అంటే స్టార్టింగ్ భాగం బాగుంది. పేరుపలక మీద 3 ఆంపియర్లు అని ఉంది. మొదట్లో 2.6 చూపి, లోపలి తుప్పు పొర అరిగేకొద్దీ 2.1కి దిగి అక్కడ నిలబడింది. చుట్ల మధ్య షార్ట్ ఉంటే ఇలా దిగి నిలబడదు, పెరుగుతూ వేడెక్కుతుంది. ఆ చివరి అనుమానం కూడా ఇక్కడ తీరిపోయింది.

తర్వాత ఎయిర్ స్విచ్ పెట్టెను నేల మీద నుంచి తీసి సింకు కింద పక్క గోడకు స్క్రూలతో బిగించి, ట్యూబు లాగినట్టు కాకుండా కొద్దిగా వదులుగా వదిలాను. వంటింటి సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చి) ఉందో లేదో చూసి, దాని టెస్ట్ బటన్ నొక్కి పడిపోతోందని నిర్ధారించుకున్నాను. ఎలెన్ కీని తాడుతో యంత్రం పక్కనే కట్టాను. పనిచేసే ఆవిడకు మాత్రం విడిగా చెప్పాల్సింది ఒకటుంది: మూలిగితే రెండోసారి నొక్కొద్దు, వెంటనే ఆపి ప్లగ్ తీయమని. ఆమె ఆ మాట ఎంత త్వరగా పట్టుకుందంటే, ‘మూలిగితే అడ్డం పడ్డట్టు, సప్పుడు లేకుంటే కరెంటు రానట్టు’ అని తనే తిరిగి చెప్పింది. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి ట్యూబు సంగతి చెప్పాను. ఇలాంటి పెట్టెలు అదే అపార్ట్‌మెంటులో ఇంకా ఉన్నాయని, వాటినీ ఒకసారి చూస్తానని అన్నాడు.

కొత్తది కొనే మాట అక్కడితో ఆగింది గానీ, ఇది కలకాలం నడుస్తుందని నేను హామీ ఇవ్వలేదు. అడుగు భాగంలో, ఎర్ర బటన్ చుట్టూ, ఒక పాత తుప్పు చార ఉంది. అది గతంలో పైనుంచి కారిన నీళ్లదైతే భయం లేదు. ఇరుసు సీలు దగ్గర నుంచి వచ్చినదైతే నీళ్లు మోటారులోకి దిగుతున్నట్టు. ఏది నిజమో తెలుసుకోవడానికి అక్కడ తుడిచి, కింద ఒక పొడి న్యూస్‌పేపర్ పరిచి, రోజూ వాడిన తర్వాత చూడమన్నాను. కాగితం మీద చెమ్మ మచ్చ కనిపించిన రోజు ఇక మరమ్మతు మాట వద్దు, ప్లగ్ పీకేసి కొత్త యంత్రం ఇక్కడే, 230 వోల్టులది, తెచ్చుకోమని చెప్పాను. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేస్తే కాగితం ఇంకా పొడిగానే ఉందన్నారు. చింతపండు పిప్పి మాత్రం ఇప్పుడు తడి చెత్త డబ్బాలోకే వెళ్తోందట.